కరెంటు షాక్‌తో తల్లి పోయిన కోతిపిల్ల: పెంచి అడవిలో వదలొచ్చా?

నిమ్మతోట_రాపూరు:

అందరికీ నమస్కారం. మాది రాపూరు నుంచి పెంచలకోనకు పోయే దారిలో ఒక పల్లె. నిమ్మతోట చూసుకుంటుంటాను. నిన్న మధ్యాహ్నం మా బోరుకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ మీదకు ఒక తల్లికోతి దూకింది. పెద్ద శబ్దం, ఫ్యూజులు పోయాయి. మేం పరిగెత్తేసరికి అది కిందపడి చనిపోయి ఉంది. పొట్టకు పిల్ల అతుక్కునే ఉంది, బతికే ఉంది.

ఊళ్లోవాళ్లు తల్లికి పసుపు కుంకుమ పెట్టి, కొత్త గుడ్డ కప్పి, భజన చేసి గట్టు పక్కన పూడ్చారు. పిల్ల మాత్రం తల్లిని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటీ విప్పి తీయాల్సి వచ్చింది, ఆ అరుపు చెవుల్లోంచి పోవడం లేదు.

ఇప్పుడు మా ఇంట్లో అట్టపెట్టెలో, నా పాత లుంగీలో ఉంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మొహం గులాబీ రంగు, ఒంటి మీద నల్లటి నూగు. ఎడమచేతి వేళ్ల దగ్గర చిన్న కాలిన మచ్చ ఉంది. మా నాయనమ్మ దూదితో ఆవుపాలు పిండితే కాస్త తాగింది, రాత్రి నుంచి విరేచనాలు. ఈ ఉదయం కోతుల గుంపు వచ్చి చింతచెట్టు మీద కూర్చుని చాలాసేపు అరిచి వెళ్లిపోయింది.

నాయనమ్మేమో ఆంజనేయస్వామే ఇంటికొచ్చాడు, పంపొద్దు అంటోంది. పొదలకూరులో మా పెదనాన్న కొడుకు తాను పెంచుకుంటానంటున్నాడు. ఫారెస్టోళ్లకు చెబితే మన మీదే కేసు రాస్తారని ఊళ్లో ఒకాయన భయపెట్టాడు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, దాంతో నా భార్యకు టెన్షన్. నా ఆలోచన ఏమిటంటే, ఓ ఏడాది పెంచి, గట్టిపడ్డాక కోనలో వదిలేద్దామని. అక్కడ గుడికొచ్చే భక్తులు అరటిపండ్లు, కొబ్బరిముక్కలు పెడుతుంటారు కదా, బతికిపోతుంది. ఇది పద్ధతేనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఏం పట్టించాలో ముందు చెబితే మేలు.


ఒంగోలు_బుల్లెట్:

బ్రదర్, టెన్షన్ పడొద్దు. మా మేనమామ ఇంట్లో కోతిని పెంచారు. పాలలో బిస్కెట్ నానబెట్టి పెట్టేవాళ్లు, దేనికీ ఢోకా లేదు. బండి మీద కూడా కూర్చునేది. మూడేళ్లు బంగారంలా ఉంది, తర్వాత పక్కింటి పిల్లాణ్ణి కరిచిందని గొలుసు వేశారు. పెంచుకోండి, పుణ్యం.


సోమశిల_రవ్వ:

పెంచడాలు వద్దు. గుంపు మళ్లీ వచ్చినప్పుడు చింతచెట్టు కింద పెట్టేసి పక్కకు రండి. వాటి పిల్లను అవే ఎత్తుకుపోతాయి. మనిషి ముట్టుకున్నాడని చేరనివ్వవు అనేది ఉత్త మాట.


పెన్నఒడ్డు:

తమ్ముడూ, మాది ఆత్మకూరు. పశువైద్యంలో డిప్లొమా చేసి, పెళ్లికి ముందు వేరే రాష్ట్రంలో అడవి జంతువుల రెస్క్యూ సెంటర్లో కోతిపిల్లల గది చూసేదాన్ని. ఇప్పుడు గేదెలూ గొర్రెలే నా పేషెంట్లు. అడవిలో వదలడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఈ పూట గడవాలి.

ఆవుపాలు ఆపేయండి. బిస్కెట్ ఊసే వద్దు. పిల్ల చెవులు, అరికాళ్లు పట్టుకుని చూడండి. చల్లగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు. ఒళ్లు చల్లబడ్డ పిల్లకు పేగులు కదలవు, పట్టిన పాలు లోపలే పులుస్తాయి. సీసాలో వేడినీళ్లు పోసి, మందపాటి గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక పక్కన పెట్టండి. ఒక పక్కనే పెట్టాలి, వేడి ఎక్కువైతే అది రెండో పక్కకు జరగాలి కదా. ఒళ్లు వెచ్చబడ్డాక ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, గోరువెచ్చగా, సూది తీసేసిన చిన్న సిరంజితో చుక్క చుక్కగా పెదవి పక్కన వదలండి. అది నాక్కోవాలి, మీరు గొంతులోకి కొట్టకూడదు. విరేచనాలు తగ్గి చురుగ్గా కదిలితే, మనిషి బిడ్డలకిచ్చే డబ్బా పాలపొడి, మొదట పల్చగా మొదలుపెట్టి, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం. రాత్రి కూడా. ఎంత పట్టాలో డాక్టరు తూకం చూసి చెప్పాలి, కడుపు ఉబ్బేదాకా మాత్రం వద్దు.

పాలు పట్టేటప్పుడు మన పిల్లల్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టినట్టు పెట్టొద్దు. తల్లి రొమ్మును పట్టుకున్నప్పుడు కోతిపిల్ల నిటారుగా, పొట్ట తల్లికి ఆనించి ఉంటుంది. టవల్‌ను గట్టిగా చుట్టి దాన్ని కరుచుకోనిచ్చి, తల కాస్త ముందుకు ఉండేట్టు చూసి పట్టాలి. మా సెంటర్‌కు వచ్చి న్యుమోనియాతో పోయిన పిల్లలు దాదాపు అన్నీ ఇళ్లల్లో వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టినవే. ఆ టవల్ చుట్టను పెట్టెలోనే ఉంచండి. దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, లేకపోతే తన ఒళ్లు తానే పట్టుకుని ఊగుతుంది. ఆ ఊగడం ఒకసారి అలవాటైతే పెద్దయ్యాక కూడా పోదు.

ఇంట్లో ఒక్కరే ముట్టుకోండి, మూతికి గుడ్డ కట్టుకుని. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు ఆ గదిలోకి పోవద్దు. మన టీబీ వాటికి అంటుకుంటుంది, అంటుకుంటే ఆ పిల్లతో ఆగదు, రేపు అది చేరబోయే గుంపంతా పోతుంది. పాపను దగ్గరకు రానివ్వొద్దు. ఎవరికైనా పన్ను దిగినా గోరు గీరినా సబ్బుతో ధార కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టాలి. "పసిది కదా" అని వదిలేయొద్దు.

కాలిన మచ్చ చిన్నదని ధీమాగా ఉండొద్దు. కరెంటు లోపల కండను, రక్తనాళాలను కాల్చుకుంటూ పోతుంది, పైన చర్మం మీద కనిపించేది కొంచెమే. లోపల చచ్చిన కండ కొన్ని రోజులకు గానీ నల్లబడి బయటపడదు. పసుపు, టూత్‌పేస్ట్, సున్నం ఏదీ రాయకండి. శుభ్రమైన గుడ్డ కప్పి డాక్టరుకు చూపించాల్సిందే.

ఇక కేసు భయం. 1972 వన్యప్రాణి చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ సొత్తు. ఏ కారణంగానైనా చేతికొస్తే 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలియజేయాలి. అంటే చెప్పినవాడికి రక్షణ, దాచినవాడికి చిక్కు. 2022లో చట్టాన్ని సవరించాక మన కోతి (బానెట్ మకాక్) మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది, పులి కూడా అందులోనే ఉంటుంది. పొదలకూరు అన్నకు ఇది వినిపించండి. మీకు నిన్న మధ్యాహ్నం చేతికొచ్చింది, గడియారం నడుస్తోంది. రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఎవరు ఎత్తారో, ఎన్నింటికో రాసిపెట్టుకోండి, ఫొటో వాట్సాప్‌లో పంపండి.

సోమశిల మిత్రుడి మాట సగం నిజం. మనిషి వాసన గురించి చెప్పింది కరెక్టే, కోతులు ఆ పట్టింపులు పెట్టుకోవు. పిల్ల తప్పిపోయిందే గానీ తల్లి బతికి ఉంటే, నేనూ అదే చెబుతాను: గుంపు కనపడేచోట పెట్టి, దూరంగా జరిగి, చూస్తూ కూర్చోండి. ఆరేడు నెలలు దాటి ఆకూ కాయా తినే పిల్లయినా ఫరవాలేదు, అక్కో పిన్నో చేరదీస్తుంది. కానీ ఇది పాలు తాగే పిల్ల. గుంపులో ఏ ఆడకోతి ఎత్తుకున్నా, దానికి పాలు లేకపోతే రెండు రోజులు ముద్దుగా మోసి మూడో రోజు వదిలేస్తుంది. చూసేవాళ్లకు "కలిసిపోయింది" అనిపిస్తుంది, ఫేస్‌బుక్‌లో వీడియో కూడా పెడతారు. ఆ తర్వాత ఏమైందో ఎవరూ వెళ్లి చూడరు.

మన కోతులు ఎక్కువగా ఎండలు ముదిరేలోపే పిల్లల్ని పెడతాయి కాబట్టి మీ గుంపులో పాలిచ్చే తల్లులు ఉండే ఉంటాయి. వాటిలో ఈమధ్యే పిల్ల పోగొట్టుకున్నది ఉంటే అదృష్టమే. అది ఫారెస్ట్ సిబ్బంది, డాక్టరు దగ్గరుండి చూసి తేల్చాల్సిన సంగతి. పైగా చెయ్యి కాలిన పిల్లను ముందు వైద్యం చేయకుండా పంపలేం.


నిమ్మతోట_రాపూరు:

అక్కా, చాలా థాంక్స్. వేడి సీసా పెట్టాం, ఓఆర్ఎస్ నాకుతోంది. టవల్ చుట్టను పట్టుకుని నిద్రపోయింది. ఫోన్ చేస్తే మొదట ఎత్తినాయన "కోతే కదా, ఎక్కడో ఒకచోట వదిలేయండి" అన్నాడు. మీరు చెప్పినట్టు సెక్షన్ నంబరు చెప్పి, ఫొటో పంపితే వేరే ఆయన లైన్‌లోకి వచ్చి రేపు ఉదయం వస్తామన్నారు.

ఒక సందేహం. వాళ్లు తీసుకెళ్లి ఏం చేస్తారు? జూలో బోనులో పెడితే నాయనమ్మకు నేనేం చెప్పాలి? నేను ఏడాది పెంచి కోనలో వదిలితే కనీసం స్వేచ్ఛగా ఉంటుంది కదా అని మనసు కొట్టుకుంటోంది.


పెన్నఒడ్డు:

నాయనమ్మ గారికి మొదట మీ పక్కనున్న గుడి కోతుల్నే చూపించండి. కొబ్బరిముక్క కోసం సంచులు లాక్కుని, కర్రదెబ్బలు తిని, కార్ల కింద పడే ఆ బతుకును స్వేచ్ఛ అంటామా? అయినా అవి గుంపులో పుట్టి పెరిగినవి. ఎవరికి లొంగాలో, ఎవరి పక్కన కూర్చోవాలో, ఏ అరుపుకు చెట్టెక్కాలో తెలిసినవి. మీ ఇంట్లో ఏడాది పెరిగినదానికి అవేవీ తెలియవు. దానికి తెలిసిందల్లా నాయనమ్మ, మీరు, అన్నం గిన్నె. దాన్ని కోనలో వదలడమంటే పసిబిడ్డను ఒంగోలు బస్టాండ్‌లో దించి వచ్చేసినట్టే. అక్కడి గుంపు కొత్తదాన్ని కరిచి తరుముతుంది, అది మనుషుల దగ్గరకు పరిగెత్తుతుంది, మనుషులు దాన్ని చూసి రాళ్లు వేస్తారు. ఒంగోలు బ్రదర్ వాళ్ల కోతి కథ మూడేళ్లకు గొలుసు దగ్గర తేలిందని ఆయనే రాశారు. మగవాటికి కోరలు దిగే ప్రాయం అది, పెంపకంలో లోపం అనుకోవద్దు.

సెంటర్లో జరిగేది నాకు తెలిసినంత చెబుతాను. మొదట విడిగా పెడతారు. కనీసం నెల. కనురెప్ప దగ్గర టీబీ పరీక్ష సూది వేసి మూడు రోజులు వాపు వస్తుందేమో చూస్తారు, పేడలో పురుగులు, రక్తం, అన్నీ చూస్తారు. ఆ నెల ఒక్క మనిషే తల్లి. మేం గోధుమరంగు బొచ్చు ఉన్న చొక్కాలాంటిది వేసుకుని కూర్చునేవాళ్లం, పిల్ల దాన్ని పట్టుకుని నిద్రపోయేది. వీపు నొప్పి, మెడ మీద గోళ్ల గీతలు, బట్టలకు ఆ వాసన. ఇంటికెళ్తే మా అమ్మ గుమ్మంలోనే ఆపేసేది.

ఆ తర్వాతే అసలు పని, అది ఆ పిల్లను మన నుంచి విడిపించడం. సాటి పిల్లలతో కలుపుతారు. వాటికి ఒక పెద్ద ఆడకోతి దొరికితే సగం పని అయినట్టే. గొలుసుతో కట్టేసి ఏళ్ల తరబడి ఇళ్లల్లో ఉన్న ఒక ముసలి ఆడకోతి మా దగ్గర ఉండేది. దాన్ని ఇక అడవికి పంపలేం అని తేల్చేశారు. అది మాత్రం వచ్చిన ప్రతి పిల్లనూ పొట్టకు తగిలించుకునేది, అల్లరి చేస్తే మెడ మీద కొరికేది, పేలు చూసేది. మేం సీసాతో నెలల తరబడి నేర్పలేని మర్యాద అది ఒక్క కొరుకుతో నేర్పేది. పిల్ల దాని దగ్గర కుదురుకోగానే మేం లోపలికి వెళ్లడం మానేసేవాళ్లం. పాలు కమ్మీ సందులోంచి, తర్వాత అదీ లేదు. పిలిస్తే రావడం మానేసిన రోజు మా సార్ అందరికీ టీ ఇప్పించేవాడు. నాకైతే ఆ టీ దిగేది కాదు, అది వేరే సంగతి.

తిండి కూడా అంతే. గిన్నెలో పెడితే గిన్నె కోసం మనుషుల దగ్గరకే వస్తుంది. రావికొమ్మలు, మర్రికొమ్మలు పండ్లతో సహా నరికి పైన కట్టాలి, మేడికాయలు ఎండుటాకుల కింద దాచాలి, పుచ్చిన దుంగ వేస్తే పురుగులు తవ్వుకు తింటుంది. వెలగకాయ ఎలా పగలగొట్టాలో ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటుంది. కుక్కను చూసి, పామును చూసి పెద్ద కోతి అరిచిన అరుపుకు పిల్లలన్నీ పైకి పోవాలి. అలా పోని పిల్లను పంపరు.

పంపడం కూడా ఒక్కదాన్ని పంపరు, గుంపుగా పంపుతారు. దక్షిణాఫ్రికాలో రీటా మిల్యో అనే ఆవిడ 1989లో కేర్ అనే సెంటర్ పెట్టింది. ఒకదానికొకటి సంబంధం లేని అనాథ బబూన్ పిల్లల్ని చేర్చి, వాటిని గుంపుగా కుదిర్చి అడవికి పంపి చూపించింది. బబూన్లను అక్కడి రైతులు మనవాళ్లు కోతుల్ని తిట్టినట్టే తిడతారు, అలాంటి జంతువు కోసం చేసింది ఆ పని. 2012లో అక్కడే అగ్నిప్రమాదంలో పోయింది. మలేసియాలో సెపిలోక్ అనే చోట 1964 నుంచి ఒరాంగుటాన్ పిల్లల్ని ఇలాగే చేరదీస్తున్నారు. వాటి పిల్ల తల్లి వెంట ఏడెనిమిదేళ్లు ఉంటుంది కాబట్టి అక్కడ తొందరే కుదరదు. మన కోతిపిల్ల ఆ లెక్కన త్వరగా ఎదుగుతుంది.

అడవిలో మొదట పెద్ద కంచె వేసి కొన్ని వారాలు అందులోనే ఉంచి, ఆ చెట్లు, ఆ శబ్దాలు అలవాటయ్యాక తలుపు తీస్తారు. తీశాక కూడా కొంతకాలం మేత పెడుతూ తగ్గిస్తూ పోతారు. మెడకు రేడియో పట్టీ కట్టి వెనకాలే మనుషులు తిరుగుతారు. ఎక్కడ వదలాలన్నది కూడా చిన్న విషయం కాదు. నీళ్లుండాలి, పండ్లచెట్లుండాలి, అప్పటికే ఒక గుంపు ఏలుతున్న చోటు కాకూడదు, దగ్గర్లో నిమ్మతోటలూ గుడులూ ఉండకూడదు. వెలిగొండల్లో అలాంటి చోటు వెతకమంటే నాకే చెమటలు పడతాయి.

ఊళ్లల్లో కోతుల్ని బోన్లలో పట్టి, రాత్రిపూట లారీలో తీసుకెళ్లి ఘాట్ రోడ్డులో దించేసి "అడవిలో వదిలాం" అనేవాళ్లున్నారు చూడండి, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అవి వారంలో రోడ్డు పక్కకు వచ్చి కూర్చుంటాయి, లేదా ఇంకో ఊరి మీద పడతాయి. తెలంగాణలో నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. అక్కడి ముఖ్యమైన పని కుటుంబ నియంత్రణ ఆపరేషన్. అదీ అవసరమే, కానీ అనాథ పిల్లను పెంచే చోటు అది కాదు. పేరు ఒకేలా ఉందని కలిపేయొద్దు.

ఇంకోటి, రేపు వచ్చేవాళ్లకు తల్లి తోక ఎంత పొడుగుందో చెప్పండి. మన కోతికి నెత్తిన పాపిట తీసి దువ్విన టోపీలా జుట్టు, ఒంటికన్నా పొడుగు తోక ఉంటాయి. ఉత్తరాది కోతి రీసస్‌కు తోక పొట్టి, వెనకవైపు ఎర్రగా ఉంటుంది. ఆ జాతి ఒకప్పుడు పైన గోదావరి, కృష్ణ ప్రాంతాలతో ఆగేది, ఇప్పుడు దక్షిణానికి దిగుతోంది. పట్టి ఎక్కడెక్కడో వదలడం కూడా దానికి ఒక కారణం. రెండింటి పిల్లల్నీ చూడకుండా కలిపితే తర్వాత ఏ అడవికి పంపాలో తెలియని గుంపు తయారవుతుంది.

పిల్ల చెయ్యి పోతే అడవికి పంపలేరేమో, జూలోనే ఉండిపోవచ్చు. అదీ దాచకుండా నాయనమ్మకు చెప్పండి. ఉన్నా తన జాతి మధ్యే ఉంటుంది.


ఉదయగిరి_చెక్కపని:

అక్కా, మధ్యలో దూరుతున్నాను. మా వీధిలో ఒక కొండముచ్చుకు కరెంటు కొట్టి ముంజేయి ఎండిపోయినట్టయింది. మిద్దెల మీదే తిరుగుతోంది, పట్టుబడదు. మావాళ్లు బ్రెడ్, అరటిపండ్లు పెడుతున్నారు. మత్తిచ్చి పట్టించాలా, అలాగే వదిలేయాలా?


పెన్నఒడ్డు:

బ్రెడ్ ఈరోజే ఆపించండి. కొండముచ్చు ఆకులు తినే జంతువు, దాని కడుపు గదులు గదులుగా ఉండి ఆకును పులియబెట్టుకుంటుంది. బ్రెడ్, బిస్కెట్, తీపి పండు ఎక్కువైతే కడుపు ఉబ్బి ఆయాసపడి చస్తుంది. చింతచిగురు, రావిచిగురు కొమ్మలతో సహా మిద్దె మీద పడేయండి చాలు.

మిద్దెలెక్కుతోంది, తింటోంది, గుంపు దాన్ని వదిలిపోలేదు అంటే తొందరపడకండి. ఎండిన చెయ్యి కొన్నిసార్లు దానంతట అదే ఊడిపోయి, మిగిలిన భాగం మానుతుంది. జపాన్‌లో అవాజి అనే దీవిలో పుట్టుకతోనే చేతులు, కాళ్లు వంకరగా ఉన్న కోతులు చాలా ఉన్నాయి, అవి పిల్లల్ని కని పెంచుకుంటున్నాయి కూడా. వాసన వస్తున్నా, పురుగు పట్టినా, ఒకేచోట మూలుగుతూ కూర్చున్నా అప్పుడు పట్టాలి. మత్తు సూది మాత్రం ఫారెస్ట్ డాక్టరే వేయాలి. మిద్దె మీద మత్తు ఎక్కితే కింద పడి వెన్ను విరుగుతుంది, కింద వల పట్టుకునే మనుషులు లేకుండా ఎవర్నీ వేయనివ్వకండి.

ఆడదై, చంకన పిల్ల ఉంటే ఇంకా జాగ్రత్త. కొండముచ్చుల గుంపులో కొత్త మగది పెత్తనానికి వస్తే పాతదాని పిల్లల్ని చంపుతుంది. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లి పిల్లను గుంపులో వదిలే ఆలోచన చేయొద్దు. పట్టినా వదిలినా ఇద్దర్నీ కలిపే.


గిద్దలూరు_కుర్రోడు:

నాదీ ఒక ప్రశ్న. నల్లమల అంచున మా చేను. రాత్రి బోరు దగ్గరికి పోతే కంపపొదలో దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్, రాత్రి తిరిగే కోతిలాంటి చిన్న జీవి) పిల్ల ఒంటరిగా కొమ్మ పట్టుకుని ఉంది. కళ్లు ఇంతింత. తల్లి లేదు. ఇంటికి తెచ్చాను. ఎవరో క్షుద్రపూజల వాళ్లు కొంటారని ఊళ్లో గుసగుసలు, అందుకే అక్కడ వదలాలంటే భయం.


పెన్నఒడ్డు:

తమ్ముడూ, అది అనాథ కాకపోవచ్చు! దేవాంగపిల్లి మొదటి కొన్ని వారాలు పిల్లను ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది. తర్వాత రాత్రి పురుగుల వేటకు పోయేటప్పుడు కొమ్మ మీద పెట్టి పోయి, తెల్లారేలోపు వచ్చి తీసుకుంటుంది. కవలలు కూడా మామూలే, ఇంకోటి పక్క పొదలోనే ఉండుంటుంది. ఈరోజు చీకటి పడగానే అదే పొదలో, అదే ఎత్తులో పెట్టండి. టార్చికి ఎర్ర కాగితం కట్టి దూరంగా ఉండి చూడండి, తెల్ల వెలుగు దాని కళ్లకు పడదు. కుక్కల్ని కట్టేయండి. తల్లి రాకపోతే తెల్లారేలోపు మళ్లీ తీసుకుని ఫారెస్ట్ వాళ్లకు ఇవ్వండి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పి ఉంచడం ఇంకా మంచిది. పగలంతా చీకటిగా, వెచ్చగా ఉంచండి, పాలు పట్టొద్దు, ఊళ్లో ఎవరికీ చూపించొద్దు.

ఇదీ మొదటి షెడ్యూలే. కొంటామని వచ్చేవాళ్ల సంగతి కూడా ఫారెస్ట్ వాళ్ల చెవిన వేయండి. తమిళనాడులో 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లో కడవూరు దగ్గర ఈ ఒక్క జీవి కోసమే 11,806 హెక్టార్లు అభయారణ్యంగా ప్రకటించారు. మన దగ్గర కంపపొదలే దానికి దిక్కు, చేను చదును చేసేటప్పుడు గట్టు మీది పొదల్ని కొన్ని వదిలేయండి.


నిమ్మతోట_రాపూరు:

అక్కా, ఈ ఉదయం వచ్చి తీసుకెళ్లారు. డాక్టరు కూడా వచ్చాడు. రెండు వేళ్లు పోవచ్చు, చెయ్యి నిలుస్తుంది అన్నాడు. పాలిచ్చే ఆడకోతి ఒకటి వాళ్ల దగ్గర ఉందట, కుదిరితే దానికి చేరుస్తామన్నారు. నాయనమ్మ బెల్లం, అరటిపండు కట్టి ఇచ్చింది. డ్రైవర్ తీసుకున్నాడు, తనే తినుంటాడు. టవల్ చుట్టను మాత్రం పిల్లతో పాటే పంపాం.

ఇక ఆ ట్రాన్స్‌ఫార్మర్. గుంపు అదే దారిన మళ్లీ వస్తోంది. నిన్న సాయంత్రం ఇంకో తల్లి పిల్లతో ఆ స్తంభం సగం దాకా ఎక్కితే డబ్బా కొట్టి దించాం. ఏం చేయొచ్చు?


లైన్‌ఇన్‌స్పెక్టర్_రిటైర్డ్:

బాబూ, ముందు అది ఎటునుంచి ఎక్కుతోందో చూడు. మీ చింతచెట్టు కొమ్మ లైన్‌కు తగిలేంత దగ్గరుంటే అదే దాని మెట్టు. కొమ్మను బాగా వెనక్కి కొట్టించాలి. స్తంభానికి ముళ్లతీగ చుట్టిస్తే కింది నుంచి ఎక్కదు. ట్రాన్స్‌ఫార్మర్ నెత్తిన ఉండే బుషింగులకు (తీగలు తగిలించే పింగాణీ గొట్టాలు) కవర్లు, పైనుంచి దిగే జంపర్ తీగలకు ఇన్సులేషన్ గొట్టాలు ఉంటాయి. షాక్ కొట్టేది ఎక్కువగా ఆ చోటే, ఒక చెయ్యి తీగ మీద, ఒక కాలు ట్యాంకు మీద పడినప్పుడు. కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్) రాతపూర్వకంగా ఇవ్వు, ఫ్యూజులు పోయిన తేదీ, కోతి చనిపోయిన ఫొటో జతచెయ్యి. ఫారెస్ట్ వాళ్ల చేత కూడా ఒక లెటర్ పెట్టిస్తే కదులుతుంది. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి సంతకాలు పెడితే ఇంకా త్వరగా అవుతుంది, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఈ ఎండల్లో నిమ్మచెట్లకు నీళ్లు ఆగిపోయేది మీకే.

కొమ్మ మాత్రం నువ్వే ఎక్కి కొట్టొద్దు. లైన్‌మ్యాన్‌ను పిలిచి, ఏబీ స్విచ్ (లైన్‌లో కరెంటు ఆపే స్విచ్) దించి, మూడు తీగలూ ఎర్త్ చేశాడని నీ కళ్లతో చూశాకే చెట్టు ఎక్కించు.